ఒక్క బుడగ కోసం రెండు గారెలు

మా ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటరు మీద సున్నా నుంచి ఐదు దాకా అంకెలున్నాయి. పనిచేసేవి ఆ చివరదీ ఈ చివరదీ మాత్రమే. మధ్యలోవి చూడ్డానికి బాగుంటాయని వేసినట్టున్నారు. సున్నా మీద పెడితే చెమట, ఐదు మీద పెడితే చదువుతున్న పేపరు వంటింట్లోకి పోతుంది. ఈమధ్య ఫ్యాను ఐదు మీద కూడా మూలుగుతోందని విప్పి షాపుకి పట్టుకెళ్తే, కౌంటరు దగ్గరున్నాయన దాని వంక చూడకుండానే "కొత్తది తీసుకోండి సార్" అన్నాడు. వైండింగ్ కాలిందేమో చూడమన్నాను. "వైండింగా? ఇప్పుడెవరు చుడుతున్నారు సార్!" అని, నేనేదో తిరగలికి గంట్లు కొట్టమని అడిగినట్టు నవ్వాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. చుట్టేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారనీ, వాళ్ళలో ఒకాయన చుట్టిన రాగితీగ పుణ్యమా అని నేనీవేళ పాఠాలు చెప్పుకుని అన్నం తింటున్నాననీ గుర్తొచ్చింది. ఫ్యాను చంకన పెట్టుకుని ఇంటికొచ్చి మళ్ళీ తగిలించేశాను. అది ఇంకా మూలుగుతూనే ఉంది. నేను ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను రాజమండ్రిలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివేవాణ్ణి. చదివేవాణ్ణి అనడం మర్యాద కోసం. మొదటి ఏడాది క్వాంటం మెకానిక్సులో నాకొచ్చిన మార్కులు చూసి మా నాన్న "ఇది యాభైకా?" అని అడిగాడు. నూటికి అని చెప్పవలసి వచ్చింది. నాన్నకి రావులపాలెంలో అరటిగెలల కమీషన్ కొట్టుండేది. మా వైపు ఒక జూనియర్ కాలేజీ వాళ్ళు, ఫస్ట్ క్లాసుతో పాసైతే లెక్చరరుగా తీసుకుంటామని నాకు మాటిచ్చారు. నాన్న ఆ మాటకి తన మాట కలిపాడు.

"ఫస్ట్ క్లాసొస్తే కాలేజీకెళ్ళు. రాకపోతే జూన్ నించి కొట్లో కూర్చో. గెలలు నిన్ను క్వాంటం మెకానిక్స్ అడగవు."

గెలల మీద నాకేమీ ద్వేషం లేదు. కానీ పాఠం చెప్పడమంటే నాకు ఇష్టం. బయటికి చెబితే నవ్వుతారని చెప్పని ఇష్టం. లెక్క వేసి చూసుకుంటే, ఆఖరి ప్రాజెక్టుకి నూటికి ఎనభై పైన వస్తే గట్టెక్కుతాను. మూడుసార్లు లెక్క వేశాను. మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. నా లెక్కల్లో అది అరుదు.

ప్రాజెక్టులు పంచిన రోజున నేను జ్వరమొచ్చి హాస్టల్లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి సౌరకుక్కర్లూ, సౌరదీపాలూ అందరూ పట్టుకుపోయారు. ఒక్కటే మిగిలింది. అది మూడేళ్ళుగా మిగులుతూనే ఉంది. కంప్యూటర్ జ్ఞాపకశక్తి కోసం అయస్కాంత బుడగల్ని పుట్టించడం. అది మా మాస్టారొకరి సొంత సరుకు. ఆయన్ని పిల్లలు వెనకాల బుడగ మాస్టారనేవారు. ముందు నేనూ అన్నాను, దాచడమెందుకు.

మాస్టారు పడుచువయసులో దూరాన ఒక పెద్ద ప్రయోగశాలలో పరిశోధన చేశారు. ఆ రోజుల్లో రాబోయే కంప్యూటర్లన్నీ సమాచారాన్ని బుడగల్లోనే దాచుకుంటాయని అందరూ నమ్మారట. ఇంటి దగ్గర ఇబ్బందులొచ్చి ఆయన పరిశోధన సగంలో వదిలేసి, మా కాలేజీలో ఉద్యోగానికి వచ్చేశారు. వస్తూ వస్తూ బుడగలు పుట్టే గార్నెట్ స్ఫటికపు పొర ముక్క గోరంతది తెచ్చుకున్నారు. దాన్ని కెమెరా రీలు డబ్బాలో దూది చుట్టి దాచారు. నేను వెళ్ళేనాటికి హార్డ్ డిస్కులొచ్చి బుడగల్ని మింగేశాయి. మా కాలేజీ కంప్యూటర్ గదిలో ఉన్నవి మాత్రం గోదావరి గాలికి బూజు పట్టే ఫ్లాపీలు. లోకం బుడగల్ని వదిలేసిందని మాస్టారికి తెలుసు. కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధంలా, ఆ సంగతి ఆయన ఎత్తేవారు కాదు.

మొదటి రోజు జియాలజీ వాళ్ళ దగ్గర రాళ్ళు చూసే మైక్రోస్కోపు అడిగి తెచ్చి, డబ్బా విప్పి, ముక్కని పట్టకారుతో తీసి అద్దం మీద పెట్టారు. లేత పసుపురంగు గాజుపెంకులా ఉంది.

"చూడు నాయనా," అన్నారు.

చూశాను. నలుపూ పసుపూ చారలు ఒకదాన్నొకటి తాకకుండా మెలికలు తిరిగి ఉన్నాయి. ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో తెలీదు. హాస్టల్ మెస్సు తిండి తినేవాణ్ణి కనక నాకు వెంటనే జంతికలు గుర్తొచ్చాయి. పైకి మాత్రం "అద్భుతం సార్" అన్నాను.

"ఇందులో కోటానుకోట్ల బుల్లి అయస్కాంతాలున్నాయి. పసుపు చారలోవన్నీ పైకి చూస్తుంటాయి, నల్ల చారలోవన్నీ కిందకి. ఇప్పుడు మనం కింద నుంచి పైకి అయస్కాంతక్షేత్రం పెట్టి పెంచుకుంటూ పోయామనుకో. ఎదురు తిరిగిన నల్ల చారలు సన్నబడి, ముడుచుకుని, ఆఖరికి గుండ్రటి చుక్కలైపోతాయి. అదీ బుడగ. బుడగుంటే ఒకటి, లేకపోతే సున్నా. వరసలో నిలబెడితే పుస్తకం దాచుకోవచ్చు. కరెంటు పోయినా మర్చిపోదు."

ఆఖరి మాట కాస్త గర్వంగా చెప్పారు. పూటకోసారి కరెంటు పోయే ఊళ్ళో అది చిన్న సుగుణమేమీ కాదు.

"ఇంకా పెంచితే సార్?"

"ఇంకా పెంచితే పోతుంది. బుడగ కదా."

అయితే చారల్ని బుడగలు చెయ్యడం సగం పనే. అన్నీ పోయి పొర ఖాళీ అయ్యాక, మనం కావాలన్నప్పుడు, కావాలన్న చోట ఒక్కటంటే ఒక్క బుడగని పుట్టించాలి. దాన్ని పుట్టించే ఏర్పాటు చెయ్యాలి. పరీక్షాధికారికి కళ్ళారా చూపించాలి. అదీ నా ప్రాజెక్టు. మాస్టారు ఇక్కడికొచ్చాక ఆయన కూడా ఒక్క బుడగా చూడలేదు.

క్షేత్రం పెట్టాలంటే రాగితీగ చుట్టలు రెండు కావాలి. ఒకటి పొరకి పైన, ఒకటి కింద, మధ్యలోంచి వెలుతురు పోయేలా. అలాంటివి అమ్మే షాపు గోదావరికి ఈ గట్టునా లేదు, ఆ గట్టునా లేదు. కంబాలచెరువు దగ్గర వ్యవసాయ మోటార్లు రీవైండింగ్ చేసే ఆయన ఉన్నాడని ఎవరో చెబితే వెళ్ళాను. షాపంతా కాలిన వార్నిషు వాసన. చెట్టంత మనిషి, అరటిపళ్ళలాంటి వేళ్ళు, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు.

"ఎన్ని హెచ్‌పీ అండీ?" అన్నాడు తలెత్తకుండా.

"మోటారు కాదు బాబాయిగారూ. తిరగదు."

పని ఆపి నన్ను చూశాడు. "తిరగని మోటార్లు నా కాడ శానా ఉన్నాయండి. అయిగో. అన్నీ తిరగాలనే తెచ్చారు. తిరక్కుండా చెయ్యమని వచ్చింది మీరేనండి."

కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. గుండ్రంగా రెండు చుట్టలు, మధ్యలో కంత. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏముందండీ, గారెలు."

"ఆఁ, గారెలే అనుకోండి."

"ఎదురెదురు రెండు గారెలు. ఆయ్, చుట్టేత్తానండి."

నాలుగో రోజున, గారెలయ్యాయి వచ్చి పట్టుకెళ్ళమని హాస్టల్ వాచ్‌మన్‌కి కబురొచ్చింది. నా గదిలో ఇద్దరు నాతో పాటు బయల్దేరి షాపు దాకా వచ్చారు. తిరుగుదారిలో వాళ్ళు నాతో మాట్లాడలేదు.

గారెలు ముచ్చటగా ఉన్నాయి. తీగ పక్కన తీగ, ఎక్కడా సందు లేకుండా, పైన తెల్లటి టేపుతో బిగించి, వార్నిషులో ముంచి ఆరబెట్టారు. రెండిటినీ కలిపేసి, బయటికి రెండే కొసలు వదిలారు. వాటికి లారీ బ్యాటరీ తగిలించాను. పక్కన దిక్సూచి పెడితే ముల్లు ఠక్కున తిరిగింది. బాగానే పనిచేస్తున్నాయనుకున్నాను. మధ్యలో గార్నెట్ ముక్క పెట్టి, మైక్రోస్కోపులో కన్ను పెట్టి, కరెంటు పెంచాను. ఒక ఆంపియరు. రెండు. మూడు. గారెలు నిజంగానే వేడెక్కాయి. చారలు మాత్రం కదల్లేదు. చీమ కుట్టినట్టు కూడా లేదు వాటికి.

రెండు వారాలు అదే తంతు. అద్దాలు తుడిచాను, బ్యాటరీ మార్చాను, ముక్కని తిరగేశాను. మాస్టారు రోజూ వచ్చి చూసి వెళ్ళేవారు. మొదటి వారం సలహాలిచ్చారు. రెండో వారం ఊరుకున్నారు. ఒక మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని ఖాళీ రీలు డబ్బా చేత్తో పట్టుకుని, "పాతదైపోయింది లేవోయ్. దాని తప్పేముంది?" అన్నారు. ముక్క గురించే అన్నారనుకుంటాను. "వేరే ప్రాజెక్టేదైనా చూసుకో. ఇంకా రెండు నెలలుంది. నీ క్లాసు పోగొట్టుకోకు."

నేను అంత మంచివాణ్ణి కాను గానీ, ఆ డబ్బా అలా పట్టుకున్న మనిషిని చూశాక వెళ్ళి సౌరకుక్కరు చెయ్యలేకపోయాను. దానికి బదులు వైండింగ్ షాపుకి వెళ్ళి, నాలుగు మాటలు నములుతూ, గారెల్లో ఏదో లోపం ఉన్నట్టుందన్నాను.

షాపులో ఉన్నట్టుండి సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"నా వైండింగులోనా?"

"అని కాదు బాబాయిగారూ..."

"ముప్పై ఏళ్ళయిందండి చుట్టబట్టి. కడియం, ధవళేశ్వరం, ఏ రైతునన్నా అడగండి. నడండి, చూత్తాను."

షట్టరు సగం దించి, చొక్కా తొడుక్కుని, నా సైకిలు వెనకాల ఎక్కాడు. ఆయన బరువుకి వెనక టైరు మీద నాకు బెంగ పట్టుకుంది. లాబులోకి వస్తూనే మాస్టారికి నమస్కారం పెట్టి, మైక్రోస్కోపులో ఒకసారి చూసి "జంతికలు బాగున్నాయండి" అన్నాడు. నాకు ఆ క్షణాన ఆయన మీద సోదరభావం కలిగింది. తర్వాత జేబులోంచి తన బుల్లి దిక్సూచి తీశాడు. మోటారులో ఏ పోలు ఎటుందో చూసుకోవడానికి వాడేదట. నేను గారెల పక్కన పెట్టి చూశాను కదా, ఆయన గారెల మధ్యలో, సరిగ్గా ముక్క ఉండే చోట, నిలువుగా పట్టుకున్నాడు. కరెంటు ఇమ్మన్నాడు. ఇచ్చాను.

ముల్లు కదలకుండా హాయిగా పడుకుంది.

"ఇక్కడేం లేదండి," అన్నాడు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, గారెల నుంచి వచ్చే తీగల్ని వేలితో వెతికాడు. కాసేపటికి తన నెత్తి మీద తనే ఒక్కటేసుకున్నాడు. "చివరకి చివర కలిపేశానండీ!"

మోటార్లు చుట్టేవాళ్ళకి అది చేతికి పట్టిన అలవాటు. మొదటి చుట్ట చివరని రెండో చుట్ట చివరకే కలుపుతారు. అప్పుడు ఒకటి ఉత్తర ధ్రువం, పక్కది దక్షిణ ధ్రువం అయి మోటారు తిరుగుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ చేతులు వేరేలా కలపలేదు. కానీ ఎదురెదురు గారెల్ని అలా కలిపితే పైదీ కిందదీ ఒకదాన్నొకటి తోసుకుని, మధ్యలో ఏమీ మిగలదు. బయట మాత్రం ముల్లు తిరుగుతుంది. ఎమ్మెస్సీ చదివే నేను బయట చూసి సరిపెట్టుకున్నాను. మోటార్లు చుట్టే ఆయన మధ్యలో చూశాడు.

కత్తెరతో తీగ కోసి, కొసలు మార్చి, మెలి తిప్పాడు. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

మళ్ళీ కరెంటు పెంచాను. చారలు కదిలాయి. నల్లవి సన్నబడ్డాయి. ఒక్కోటీ కొస నుంచి వెనక్కి జరుగుతూ, నత్త కొమ్ము లోపలికి లాక్కున్నట్టు ముడుచుకుని, గుండ్రంగా నిలబడింది. ఒకటి, రెండు, తర్వాత మైక్రోస్కోపు నిండా ఆవాలు చల్లినట్టు. నేను లేచి మాస్టారికి చోటిచ్చాను. ఆయన కన్ను పెట్టి చాలాసేపు లేవలేదు. లేచాక కళ్ళజోడు తుడుచుకున్నారు. మైక్రోస్కోపులో చూసేటప్పుడు ఆయన కళ్ళజోడు తీసేస్తారు. తుడవాల్సినంత మురికి దానికెక్కడ పట్టిందో నేనడగలేదు.

"మీరే లేకపోతే..." అన్నారు వైండింగ్ బాబాయితో.

"నేను లేకపోతే రెండు వారాల కితమే అయిపోయేదండి," అన్నాడాయన.

ఇక మిగిలింది ఒక్క బుడగని పుట్టించడం. దానికి వెంట్రుకంత రాగితీగని తలపిన్నులా వంచి, ఆ వంపు పొర మీద ఆనించి, ఒక్క క్షణం పాటు గట్టిగా కరెంటు కొట్టాలి. ఆ వంపులో మాత్రం క్షేత్రం తిరగబడి బుడగ పుడుతుంది. వంపు ఎంత చిన్నదైతే అంత మంచిది. వారం రోజులు నేను వంచాను. తీగ తెగింది, లేదా వంపు గుర్రపునాడా అంత వచ్చింది, లేదా తుమ్మితే ఎగిరిపోయి మళ్ళీ దొరకలేదు. బాబాయి ప్రయత్నించబోయి తన వేళ్ళ వంక చూసుకుని మానేశాడు.

"ఇది మా ఇంటావిడ పనండి," అన్నాడు.

షాపు వెనకే ఇల్లు. ఆవిడది నరసాపురం. పదేళ్ళ వయసు నుంచీ లేసు అల్లుతున్న చెయ్యి. వీధరుగు మీద కూర్చుని, ఒళ్ళో తెల్లటి లేసు గుడ్డ పరుచుకుని, నేను చెప్పేది వింటూనే సూది ఆపకుండా అల్లుతోంది. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"ఎన్నో నెంబరు?"

"నలభై ఆరు గేజి, పిన్నిగారూ."

"నెంబరు పెరిగితే సన్నమా, లావా?"

"సన్నం."

"మా దారం కూడా అంతే," అని చెయ్యి చాచింది. నా రెండేళ్ళ ఎమ్మెస్సీలో అంత సూటిగా అడిగిన ప్రశ్న నాకు గుర్తులేదు.

అన్నిటికంటే సన్నటి కుట్టుసూది తెచ్చి, దాని మొన చుట్టూ తీగని ఒక్కసారి తిప్పి, సూదిని మెల్లగా లాగేసింది. వంపు నిలిచింది. దాన్ని ప్లాస్టిక్ షీటు ముక్క మీద పెట్టి రెండు పక్కలా దారంతో కుట్టేసింది. భూతద్దంలో చూస్తే రెండు కాళ్ళూ సమానంగా, జంటగా నడుస్తున్నాయి. అంతటితో ఆగకుండా రెండోది మొదలుపెట్టింది.

"ఒకటి చాలు పిన్నిగారూ."

"మీకు ఒకటి చాలు. నాకు శాంపిలు కావాలి. శాంపిలు లేకుండా ఇస్తే రేపొద్దున్న ఏజెంటు వచ్చి, నువ్విచ్చింది ఇలా లేదంటాడు."

"నేను ఏజెంటును కాదండి."

"అందరూ అలాగే అంటారు," అని రెండోది బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసింది.

ఆ మర్నాడు పొద్దున్నే బుడగ పుట్టింది. క్షేత్రం పెంచి అన్ని చుక్కల్నీ చెరిపేశాం. పొరంతా ఖాళీ, తుడిచిన పలకలాగా. క్షేత్రం కొద్దిగా తగ్గించి, స్విచ్చి నొక్కాను. టక్. వంపు మధ్యలో నల్లటి చుక్క ఒకటి, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు. మాస్టారు "నొక్కు, మళ్ళీ నొక్కు" అంటూ ఆ పొద్దున నాచేత ఇరవైసార్లు పుట్టించి ఉంటారు. పుట్టిన ప్రతిదాన్నీ ఆయనే చెరిపారు. ఫస్టవర్ క్లాసుకి వెళ్ళడం మర్చిపోయారు. అది ఆయన సర్వీసులో మొదటిసారి అని అటెండరు చెప్పాడు.

వైవా మే నెలలో పెట్టారు. పరీక్షాధికారి ఎక్కడో దూరపు విశ్వవిద్యాలయం నుంచి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నిద్రలేక, ముఖం ముడుచుకుని దిగారు. రిపోర్టు పేజీలు చకచకా తిప్పి, మొదటి ప్రశ్న వేశారు.

"ఇప్పుడు దీన్ని ఎవరు వాడుతున్నారు?"

"ఎవరూ వాడట్లేదు సార్."

నిజం చెప్పినందుకో, తను అనబోయేది నేను అనేసినందుకో, ఆయన కాస్త చిరాకు పడ్డారు. "సరే. బుడగ చూపించు. రిపోర్టులు ఎవరైనా రాస్తారు."

చారల్ని చుక్కలు చేశాను. చుక్కల్ని చెరిపాను. అంతా బాగానే ఉంది. ఇక స్విచ్చి నొక్కాలి. కంగారులో రెండు వోల్టులు పెట్టాల్సిన చోట ఇరవై పెట్టి నొక్కాను. అగరొత్తి ఆర్పితే వచ్చేంత పొగ, సన్నగా, గారె కంతలోంచి పైకి లేచింది. పిన్నిగారి వంపు మాడిపోయింది.

"ఏదయ్యా బుడగ?" అన్నారాయన, కన్ను మైక్రోస్కోపు మీద నుంచి తీయకుండానే.

నా కళ్ళ ముందు రావులపాలెం గెలలు వరసగా వేలాడాయి.

మాస్టారు గడియారం చూసుకున్నారు. పదకొండున్నర. "సార్, భోజనం వేళయింది," అన్నారు. మా కాలేజీలో భోజనం ఒంటిగంటకి. "మా ఇంట్లో మీ కోసం కొత్తావకాయ కలిపారు. తాపేశ్వరం కాజాలు కూడా తెప్పించాను. ఈలోగా వీడు స్పేర్ పార్టు వేస్తాడు." అంటూనే ఆయన చెయ్యి పట్టుకుని లేవదీశారు. నా పక్కనుంచి వెళ్తూ పెదవులు కదపకుండా "నాలుగు కాజాలు తినిపిస్తాను. అంతకంటే ఆయనకి పట్టవు. త్వరగా రా," అన్నారు.

నేను ఆ ఎండలో కంబాలచెరువు దాకా సైకిలు తొక్కినట్టు మళ్ళీ జన్మలో తొక్కలేదు. పిన్నిగారు అరుగు మీదే ఉంది. రొప్పుతూ సంగతి చెప్పాను. ఆవిడ సూది ఆపింది. ఆవిడ సూది ఆపడం నేను చూడ్డం అదే మొదలు.

"కాల్చేశారా?"

"ఆఁ."

"శాంపిలు ఎవరికీ ఇవ్వనండి నేను."

"తెలుసు పిన్నిగారూ."

"ఇది పోతే ఏమవుద్ది?"

"అరటిగెలల కొట్లో కూర్చోవాలండి."

నా ముఖం చూసి నవ్వబోయి, నవ్వలేదు. లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చి, ప్లాస్టిక్ ముక్కని రుమాల్లో చుట్టి నా చొక్కా జేబులో తనే పెట్టింది. జేబు గుండీ కూడా తనే పెట్టింది. నేను చంటిపిల్లాణ్ణి కాను, ఇరవై మూడేళ్ళ వాణ్ణి. అయినా ఆ క్షణాన ఆ గుండీ నేను పెట్టుకోగలిగేవాణ్ణి కాదు. బాబాయి షాపులోంచి బయటికొచ్చి, "సైకిలొద్దు, బండెక్కండి" అని పక్కషాపు వాళ్ళ స్కూటరు తీశాడు.

నేను కొత్త వంపుని అమర్చేసరికి వరండాలో అడుగులు వినిపించాయి. పరీక్షాధికారి ముఖం మీద ముడత ఒక్కటీ లేదు. నాలుగు కాజాలు కాదు, ఆరు తిన్నారని మాస్టారు తర్వాత చెప్పారు. కూర్చుని, కన్ను పెట్టి, "ఊఁ" అన్నారు. ఈసారి వోల్టులు రెండుసార్లు చూసుకుని నొక్కాను.

టక్.

ఆయన కన్ను తియ్యలేదు. "ఇంకోసారి," అన్నారు. ఇంకోసారి చేశాను. "నేను నొక్కొచ్చా?" అన్నారు. స్విచ్చి ఆయన చేతికిచ్చాను. అరగంట నొక్కారు. దీన్నెవరూ వాడట్లేదన్న సంగతి ఆయనా నేనూ ఇద్దరం మర్చిపోయాం. కిటికీలోంచి చూస్తే బాబాయి కింద చెట్టు నీడలో స్కూటరు ఆనుకుని నిలబడి, పైకి చూసి, ఏమైందని చేత్తో అడిగాడు. రెండు వేళ్ళు గుండ్రంగా కలిపి చూపించాను. గారె అన్నట్టు. ఆయనకి అర్థమైంది.

ఎనభై నాలుగు వచ్చాయి. ఆ జూన్‌లో నేను గెలల దగ్గరికి కాక నల్లబల్ల దగ్గరికి వెళ్ళాను. ఇప్పటికీ ప్రతి ఏటా అయస్కాంతత్వం పాఠం వచ్చినప్పుడు పిల్లలకి ఒక మాట చెబుతాను. క్షేత్రం ఉందో లేదో బయట కాదు, మధ్యలో చూడండి అని. ఎవరు నేర్పారో కూడా చెబుతాను. నాకు పాఠాలు చెప్పిన గురువులు చాలామంది ఉన్నారు. ఆరు కాజాలు తినిపించి నన్ను కాపాడిన ఆయన, ముప్పై ఏళ్ళ చేతి అలవాటుని నా ముందు తప్పని ఒప్పుకున్న ఆయన, ఎవరికీ ఇవ్వని శాంపిలు ఇచ్చిన ఆవిడ, వీళ్ళు ముగ్గురూ నా మీద పెట్టిన నమ్మకానికి ఆ వయసులో నా దగ్గర ఆధారమేమీ లేదు. వాళ్ళు ఆధారం అడగలేదు.

ఫలితాలొచ్చిన వారం నేను పూతరేకుల పొట్లం, నల్ల రెక్సిను అట్ట మీద బంగారు అక్షరాలున్న నా రిపోర్టు కాపీ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళు మళ్ళీ మళ్ళీ తుడిచిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. బాబాయి రిపోర్టు పేజీలు తడి చేతులతో ముట్టుకోకూడదన్నట్టు కొసలు పట్టుకుని తిప్పి, చుట్టల బొమ్మ దగ్గర ఆగాడు.

"ఏవేయ్, నా గారెలు! పుస్తకంలోకెక్కాయి!"

పిన్నిగారు నరసాపురంలో మిషనరీల బళ్ళో పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు నింపాదిగా, వేలు పెట్టి చదువుతుంది. పుస్తకం అందుకుని మొదటి నుంచీ మొదలుపెట్టింది. మూడో పేజీలో ఆగింది. అది కృతజ్ఞతల పేజీ. ఆ పేజీ నేను రాయలేదు. వైవాకి ముందు, బైండింగుకి ఆలస్యమవుతోందని, ఒక సీనియరు రిపోర్టులోంచి ఉన్నదున్నట్టు దింపి, మాస్టారి పేరు మాత్రం మార్చి టైపింగుకి ఇచ్చేశాను. ఆవిడ పైకే చదవసాగింది. ప్రిన్సిపాలుగారు. శాఖాధిపతిగారు. మాస్టారు. లైబ్రరీ సిబ్బంది. హాస్టల్ మెస్సు. జెరాక్సు షాపు. గ్లాస్ బ్లోయర్.

వేలు అక్కడ ఆగింది.

"గ్లాస్ బ్లోయరంటే ఎవరండీ?"

"గాజు ఊది, గొట్టాలవీ చేసే ఆయనండి."

"మీ ప్రాజెక్టులో గాజు గొట్టాలున్నాయా?"

"లేవండి."

"మీ కాలేజీలో ఆ మనిషున్నాడా?"

"లేడండి."

ఆవిడ మిగతా పేజీ కూడా ఆఖరు దాకా వేలు పెట్టి చదివింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది. బాబాయి పూతరేకు నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆవిడ పుస్తకం మూసి, అట్ట మీద బంగారు అక్షరాల్ని కొంగుతో తుడిచి, జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టింది.

"అంటే, లేని మనిషికి దణ్ణం పెట్టి, ఉన్నవాళ్ళని వదిలేశారన్నమాట," అంది.